మడుగులో సున్నా: గంగా డాల్ఫిన్లను చెవితో వెతికిన ఒక కేసు

ఈ కేసు బీహార్‌లో గంగ మీద ఒక వంపుది. ఊరి పేరు, రేవు పేరు, మమ్మల్ని పిలిచిన కార్యాలయం పేరు రాయడం లేదు. ఏ ఏడాదో కూడా చెప్పను. అక్కడ వలలు వేసేవాళ్లు ఇప్పటికీ అక్కడే బతుకుతున్నారు, వాళ్లకు నా వల్ల ఇబ్బంది రాకూడదు. మా పట్టికలో పడిన ఒక సున్నాను మేం దాదాపుగా నమ్మేశాం. నమ్మి సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో తర్వాత తెలిసింది. నీటిలో శబ్దాలు రికార్డు చేసే పనిలోకి వచ్చే కుర్రవాళ్లకు ఇది ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేపథ్యం

గంగా డాల్ఫిన్‌ను అక్కడివాళ్లు సోంస్ అంటారు. పైకొచ్చి ఊపిరి వదిలినప్పుడు వచ్చే చప్పుడే ఆ పేరైందని చెబుతారు. మన గోదావరిలో, కృష్ణలో ఈ జీవి లేదు. కాకినాడ వైపు సముద్రంలో కనిపించే డాల్ఫిన్లు వేరే జాతి. సోంస్‌ను 2009లో జాతీయ జలచరంగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. 2025 మార్చిలో విడుదలైన నదీ డాల్ఫిన్ల లెక్కలో దేశం మొత్తానికి 6,327 అని తేలింది, అందులో 2,220 బీహార్‌వి.

దీని కంటికి కటకం లేదు. వెలుగు, చీకటి తేడా మాత్రం తెలుస్తుంది. బురద నీటిలో చేపను పట్టాలన్నా, ఒడ్డుకు తగలకుండా తిరగాలన్నా శబ్దమే దిక్కు. దాదాపు ఆపకుండా క్లిక్కులు వదులుతూ, తిరిగొచ్చే ప్రతిధ్వనితో దారి చూసుకుంటుంది. ఆ క్లిక్కుల బలమంతా 60 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 60 వేల కంపనాల, చుట్టుపక్కల ఉంటుంది. మన చెవి 20 దాటి వినలేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అంత ఒళ్లున్న సముద్రపు డాల్ఫిన్లతో పోలిస్తే దీని క్లిక్కు గొంతు చిన్నది, ఎక్కువ దూరం పోదు. లోతులేని, మలుపులున్న నదిలో దూరం చూడాల్సిన పని కూడా లేదు కదా.

కంటితో లెక్కపెట్టడం ఎందుకు కష్టమంటే, ఊపిరి కోసం అది పైన కనిపించేది ఒక్క సెకను. సముద్రపు డాల్ఫిన్‌లా గెంతదు. ముక్కు, కాస్త వీపు కనిపించి మాయమవుతుంది. తల తిప్పి పక్కవాడితో మాట్లాడితే అంతే.

వచ్చిన సమస్య

ఆ వంపు దగ్గర ఒక లోతైన మడుగు ఉంది. దానికి అవతల లంక, అక్కడి మాటలో దియారా. లంకకు అటువైపు ఒక సన్నని పాయ. ఎండాకాలంలో నది చిక్కిపోయినప్పుడు సోంస్ చేరేది ఇలాంటి మడుగుల్లోకే. ఏళ్లుగా పడవ మీద వెళ్లి లెక్కపెట్టినప్పుడల్లా అక్కడ కొన్ని కనిపించేవి. ఆ ఏడాది వేసవిలో రెండు సార్లు వెళ్లారు, రెండు సార్లూ సున్నా.

అప్పటికే ఆ మలుపులో ఇసుక తవ్వి దారి లోతు చేసే పని మొదలైంది. హల్దియా నుంచి ప్రయాగ్‌రాజ్ దాకా 1,620 కిలోమీటర్లు మొదటి జాతీయ జలమార్గం, అందులో ఇదొక ముక్క. ఆ ఇసుక తవ్వే యంత్రం, డ్రెడ్జర్, పగలు లాంచీలకు అడ్డం వస్తోందని దాన్ని రాత్రి పూట నడపాలని ఆలోచన చేస్తున్నారు. మడుగులో డాల్ఫిన్లు లేవని మేం చెబితే దానికి అడ్డు ఉండదు. మమ్మల్ని అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది: ఉన్నాయా, లేవా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు యాంగ్సీ గుర్తొస్తుంది. 2006 చివర్లో చైనాలో బైజీ డాల్ఫిన్ కోసం ఆరు వారాలు నదిని జల్లెడ పట్టారు. కళ్లతో చూశారు, నీటిలో మైకులు వేసి విన్నారు. ఒక్కటీ దొరకలేదు. ఆ జాతి ఇక లేనట్టేనని ప్రకటించాల్సి వచ్చింది. అక్కడ సున్నా నిజం. అంత పెద్ద మాట చెప్పడానికి ఎంత వెతికారో చూడండి. మా చేతిలో ఉన్నది రెండు పగటి ప్రయాణాలు.

మొదటి ప్రయత్నం

మా దగ్గర అప్పటికే ఉన్న రికార్డరును తీసుకెళ్లాం. చేపల చప్పుళ్లు, పడవల మోత రికార్డు చేయడానికి కొన్నది. శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతను శాంపిలు అంటాం. రెండు వారాలు నీటిలో ఉంచి తీసి చూస్తే ఇంజన్ల మోత ఉంది, ఇసుక గీరుకునే చప్పుడు ఉంది, సోంస్ లేదు.

నేను నివేదిక మొదలుపెట్టాను. కంటికి సున్నా, చెవికి సున్నా, రెండు సాక్ష్యాలు కలిశాయి కదా అనుకున్నాను. రెండో పేజీలో పరికరం వివరాలు రాస్తుండగా చెయ్యి ఆగింది. సెకనుకు 48,000 శాంపిళ్లంటే అందులో సగం వరకే, అంటే 24 కిలోహెర్ట్జ్ దాకానే శబ్దం పడుతుంది. 60 దగ్గర కూసే జీవిని 24 దగ్గర ఆగిపోయే చెవితో విన్నాం. మడుగు నిండా డాల్ఫిన్లున్నా ఆ కార్డులో దాదాపు ఏమీ పడి ఉండేది కాదు.

ఇది తెలియని విషయం కాదు, పాఠంలో మొదటి రోజు చెప్పేదే. అయినా జరిగింది. చేతిలో ఉన్న పరికరంతో పని మొదలుపెట్టి, ఆ పరికరానికి తగ్గట్టు ప్రశ్నను కుదించుకున్నాం. అప్పటి నుంచి సున్నా కనిపిస్తే మూడు విడి ప్రశ్నలు వేసుకుంటున్నాను. జీవి అక్కడ లేదా? ఉండి కూయలేదా? కూసినా మనకు వినపడలేదా? ఈ కేసులో మిగతాదంతా ఈ మూడింటినీ ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికి పడ్డ పాటే.

రెండో ప్రయత్నం

సెకనుకు 3,84,000 శాంపిళ్లు తీసే రికార్డరు అరువు తెచ్చాం. దీనితో కార్డు సమస్య వచ్చింది. శాంపిలుకు రెండు బైట్లు చొప్పున రోజుకు 66 జీబీ పైనే అవుతుంది. 64 జీబీ కార్డు ఒక్క రోజు కూడా రాదు. అందుకని ప్రతి పదిహేను నిమిషాల్లో ఐదు నిమిషాలే రికార్డు చేసేలా పెట్టాం. దీనికో ధర ఉంది. దారిన పోయే జీవి ఆ పది నిమిషాల ఖాళీలో దాటిపోవచ్చు. కానీ మా ప్రశ్న మడుగులో గంటల తరబడి మకాం ఉండేవాటి గురించి, కాబట్టి ఖాళీలు పెద్ద నష్టం కాదనుకున్నాం. నది మధ్యలో దాటిపోయేవాటిని లెక్కపెట్టే పని అయితే ఇలా చేయకూడదు.

మొదటి రోజు డేటాను క్లిక్కులు వెతికే ప్రోగ్రాంలో వేస్తే వేలకు వేలు వచ్చాయి, అదీ పట్టపగలు. ఆ రాత్రి సంతోషం పట్టలేక కార్యాలయానికి ఫోన్ చేసి "ఉన్నాయి సార్" అని చెప్పేశాను.

మర్నాడు పొద్దున ఒక్కో క్లిక్కునూ పెద్దది చేసి చూస్తుంటే అనుమానం వచ్చింది. క్లిక్కుకు క్లిక్కుకు మధ్య ఎడం గడియారం కొట్టినట్టు ఒకేలా ఉంది. సోంస్ అలా కూయదు. చేప దగ్గరయ్యే కొద్దీ క్లిక్కులు దగ్గరవుతాయి, దూరం చూసేటప్పుడు ఎడం పెరుగుతుంది. పైగా నిజమైన క్లిక్కు సెకనులో లక్షో వంతుల లెక్కలో ముగుస్తుంది. ఇవి దానికంటే చాలా పొడుగున్నాయి. పౌనఃపున్యం చూస్తే సరిగ్గా 50 కిలోహెర్ట్జ్. అది లోతు కొలిచే పడవకు కట్టిన ఎకో సౌండర్, అడుగుకు శబ్దం పంపి ప్రతిధ్వనితో లోతు చెప్పే పరికరం. డ్రెడ్జింగ్ కోసం తిరుగుతున్న సర్వే పడవ మా మైకు పక్క నుంచి రోజంతా అటూ ఇటూ వెళ్లింది.

ఫోన్ చేసి చెప్పిన మాట వెనక్కి తీసుకున్నాను. అవతలి వాళ్ల గొంతులో నమ్మకం తగ్గడం తెలిసింది. లేని దాన్ని ఉందని చెప్పడం కూడా డాల్ఫిన్‌కు కీడే చేస్తుంది. రేపు నిజంగా ఉన్నాయని చెప్పినప్పుడు ఎవరూ వినరు.

తర్వాత వారం రికార్డరే పోయింది. బెండు లేదు, మోకు లేదు, లంగరుగా కట్టిన ఇసుక బస్తా కూడా లేదు.

చాచా

రేవులో నలుగురినీ అడిగితే మూడో రోజున ఒక పెద్దాయన తెచ్చి ఇచ్చాడు. ఆయన వల దానికి చుట్టుకుని చిరిగింది. నీళ్లలో సర్కారు కెమెరా పెట్టిందని, వలలు ఎవరు ఎక్కడ వేస్తున్నారో చూస్తోందని రేవులో అనుకున్నారట. నేను ఆయన్ని చాచా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను బేటా అనేవాడు. వలకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇది ఏం చేస్తుందో చూపించు బేటా, చాలు" అన్నాడు.

చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. వినిపించగలం. కాకపోతే డాల్ఫిన్ క్లిక్కు మనిషి చెవికి అందదు. వేరే చోట తీసిన పాత రికార్డింగు ల్యాప్‌టాప్‌లో ఉంది. దాన్ని పది రెట్లు నెమ్మది చేస్తే 60 కిలోహెర్ట్జ్ 6కి దిగుతుంది, హాయిగా వినపడుతుంది. పడవ చెక్క మీద పెట్టి వినిపించాను. మంగలంలో మొక్కజొన్న గింజలు పేలుతున్నట్టు చిటపటలు. ఆయన అచ్చం అదే మాట అన్నాడు, వాళ్ల దియారా నిండా మొక్కజొన్నే మరి. చుట్టూ చేరిన పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు.

అప్పుడు అడిగాను, మడుగులో సోంస్ పోయాయా అని. "ఎక్కడికి పోతాయి? పగలు లాంచీలు తిరుగుతుంటే పాయలోకి వస్తాయి, మా వలల పక్కకు. మధ్యాహ్నం వల లాగాలంటే నాకు భయం. చీకటి పడితే మళ్లీ మడుగులోకి వెళ్తాయి."

మేం నెల రోజులు మడుగులో పగటి పూట వెతుకుతున్నాం. ఈ మాట అడగడానికి మాకు నెల పట్టింది.

ఆయన మాటను సాక్ష్యంగా కాదు, పరీక్షించాల్సిన ఊహగా రాసుకున్నాం. ఆయన్ని నమ్మక కాదు. కార్యాలయంలో "జాలరి చెప్పాడు" అంటే చెల్లదు, రికార్డు చూపించాలి.

ఏది పనిచేసింది

ముందు మా చెవి ఎంత దూరం వింటుందో తేల్చుకున్నాం. పడవ రద్దీ లేని వేకువ జామున ఇద్దరు ఒడ్డున కూర్చుని సోంస్ పైకి తేలిన ప్రతిసారీ సమయం, దూరం రాశారు. కింద రికార్డరు నడుస్తోంది. రెండు గడియారాలూ సెకనుతో సహా సరిచేసుకున్నాం. ఆ వేకువల్లో అవి మడుగులోనే కనిపించాయి. చాచా మాటలో సగం అక్కడే రుజువైంది. తర్వాత రెండు జాబితాలు పక్కపక్కన పెట్టాం. దగ్గరగా తేలినవి చాలావరకు వినపడ్డాయి. రెండు మూడు వందల మీటర్లు దాటితే వినపడటం తగ్గిపోయింది. డాల్ఫిన్ క్లిక్కు టార్చిలైటు లాంటిది, ముందుకే పోతుంది. ముఖం అటు తిప్పుకుంటే దగ్గరున్నా అంతగా అందదు. కంటికి కనిపించకుండా చెవికి మాత్రమే అందిన నిమిషాలు కూడా బాగానే ఉన్నాయి. ఈ పని మొదటి వారంలోనే చేసి ఉండాల్సింది.

తర్వాత రెండు రికార్డర్లు పెట్టాం, ఒకటి మడుగులో, ఒకటి పాయ నోట్లో. ఒక్కోదానికి మీటరు ఎడంతో రెండు హైడ్రోఫోన్లు, అంటే నీటిలో వినే మైకులు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది కాబట్టి, శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో రెండు మైకులకు చేరే తేడా చెబుతుంది. ఆ తేడా గరిష్ఠంగా మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు. అది మెల్లగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారుతూ, క్లిక్కుల ఎడం కూడా మారుతుంటే సోంస్. గడియారం కొట్టినట్టుంటే ఎకో సౌండర్, పక్కన పెట్టేశాం. వేలాడదీసిన మోకు ప్రవాహానికి వణికి మోత చేస్తోందని, చాచా సలహాతో మైకులను పాతిన వెదురు గడలకు కట్టాం. ఆ ఒక్క మార్పుతో రికార్డింగు ఎంత శుభ్రపడిందో చెప్పలేను.

క్లిక్కులు లెక్కపెట్టడం మానేశాం. పాయ లోతు తక్కువ, ప్రతి క్లిక్కూ నీటి పైభాగానికి, అడుగుకు తగిలి రెండు మూడు సార్లు వస్తుంది. క్లిక్కులు లెక్కేస్తే పాయలో లేనిపోని రద్దీ కనిపిస్తుంది. అందుకే గంటలో ఎన్ని నిమిషాల్లో క్లిక్కులు పడ్డాయో చూశాం. ఎన్ని డాల్ఫిన్లు ఉన్నాయో ఈ పద్ధతి చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

మూడు వారాల తర్వాత బొమ్మ స్పష్టంగా వచ్చింది. మడుగులో రాత్రి నిండుగా, పగలు దాదాపు ఖాళీ.

ఇక్కడే ఇంకోసారి జారిపోయేవాళ్లం. పెళ్లి పందిట్లో బ్యాండు మోగుతుంటే పక్కనున్నాయన మాట వినపడదు. ఆయన మాట్లాడలేదని రాసుకుంటామా? పగలు లాంచీలు తిరుగుతున్నప్పుడు ఆ మోతలో చిన్న క్లిక్కులు మునిగిపోతాయి. కాబట్టి పగటి తగ్గుదలలో ఎంత డాల్ఫిన్‌ది, ఎంత మా చెవిది? దీనికి చేసిన పని చాలా మామూలుది. పగటి మోతలోనూ తప్పకుండా వినపడేంత గట్టి క్లిక్కులను మాత్రమే తీసుకుని, రాత్రికీ అదే కొలత పెట్టి మళ్లీ లెక్కేశాం. పగలు, రాత్రి తేడా బాగా తగ్గింది. కానీ పోలేదు. మిగిలిన ఆ తేడాయే నిజం. అదే పగటి గంటల్లో పాయ నోట్లో నిమిషాలు పెరుగుతున్నాయి. ఉదయం లాంచీలు మొదలైన కాసేపటికి క్లిక్కుల దిశ మడుగు వైపు నుంచి పాయ లోపలికి జరగడం రెండు మైకుల తేడాలో కళ్లకు కట్టినట్టు కనిపించింది.

చాచా చెప్పినదాంట్లో మిగతా సగం కూడా నిజమైంది.

ఏం చేయాలి

మోత తప్పించుకోవడానికి అవి వెళ్తున్న చోటే నైలాన్ వలలున్నాయి. చేప మొప్పల దగ్గర ఇరుక్కునే ఆ సన్న దారం డాల్ఫిన్‌కు చప్పున అందదు. మూతి పొడుగు, సన్న పళ్లు, ఇరుక్కుంటే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేదు. మోత ఒక్కటే అయినా నష్టమే. బీహార్ గంగలోనే పనిచేసిన మయూఖ్ దే, నచికేత్ కేల్కర్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో, నీరు తక్కువున్నప్పుడు పడవల మోత ఈ జీవుల మీద శక్తిపరమైన ఒత్తిడి పెంచుతుందని చూపించారు. మా వంపులో ఆ మోత వలల వైపు తోలుతోంది కూడా.

లాంచీలు ఆపించాలన్న మాట మా బృందంలోనే ఒకరు అన్నారు, ఒక్క రోజు కూడా నిలవలేదు. లంక మీదివాళ్లకు బడి, ఆసుపత్రి, సంత అన్నీ అవతలే. గోదావరి లంకల్లో పంటు ఆగితే ఏమవుతుందో చూసినవాణ్ణి, నేనే వద్దన్నాను. వలలకు పింగర్లు, అంటే చప్పుడు చేసి డాల్ఫిన్లను దూరంగా ఉంచే పరికరాలు, కట్టమని ఇంకొకరు సూచించారు. చాలా చోట్ల అవి మేలు చేశాయి. ఇక్కడ మాత్రం వద్దనుకున్నాం. మడుగులో ఇంజన్లు, పాయలో పింగర్లు అయితే వేసవిలో వాటికి మిగిలే నీరు ఏది?

చివరికి రెండు పనులు జరిగాయి. రాత్రి డ్రెడ్జింగ్ ఆలోచన ఆ సీజన్‌కు ఆపేస్తున్నట్టు కాగితం మీద రాయించగలిగాం. డాల్ఫిన్లు లేవనుకున్న మడుగులో, అవి నిండుగా తిరిగే గంటల్లోనే ఆ యంత్రం నడిచేది. మేం మొదటి నివేదికకు సంతకం పెట్టి ఉంటే దానికి ఆధారం మా కాగితమే అయ్యేది. ఈ ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

రెండోది వలలది. ఉదయం లాంచీలు మొదలయ్యేటప్పటి నుంచి సాయంత్రం ఆగేదాకా పాయ నోట్లో వల వేయకూడదని రేవువాళ్లే కూర్చుని అనుకున్నారు. మేం గంటవారీ పట్టిక పెట్టాం, నెమ్మది చేసిన క్లిక్కులు వినిపించాం. మాట్లాడింది చాచా. పట్టిక మీద వేలు పెట్టి, "ఈ వేళకు వస్తాయని నేను చెప్పలేదా" అన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. రెండు కుటుంబాలకు పాయ నోరే ఆధారం. వాళ్లకు లంక కింది వైపు చోటు ఇవ్వడానికి ఇంకో నాలుగు సార్లు కూర్చోవాల్సి వచ్చింది. అక్కడ చేప తక్కువ పడుతోందని వాళ్లు చెబుతున్నది నిజమే, దానికి సరైన పరిష్కారం మేం ఇంకా ఇవ్వలేదు.

ఆ సీజన్‌లో ఆ వంపులో చచ్చిన సోంస్ కనిపించలేదు. దీన్ని విజయమని రాయను. అది కూడా ఒక సున్నాయే. కళేబరం కొట్టుకుపోయి ఉండొచ్చు, భయపడి ఎవరూ చెప్పకపోయి ఉండొచ్చు. నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: మరుసటి ఏడాది వేసవిలో కూడా రాత్రి మడుగులో, పగలు పాయ నోట్లో క్లిక్కులు పడ్డాయి.

ఈసారి పాయ లోపలి చివర మూడో రికార్డరు పెడుతున్నాం. అక్కడ నీరు తగ్గాక పగలు లోపలికి వెళ్లినవి సాయంత్రం అన్నీ తిరిగి వస్తున్నాయా, లేక కొన్ని లోపలే చిక్కుకుంటున్నాయా అన్నది తేలాలి. గడ పాతడానికి నేను చూపించిన చోటు చాచాకు నచ్చలేదు. ఇంకో పది బారలు పైకి తీసుకెళ్లి, అడుగున గట్టి బంకమట్టి ఉందని గడతో పొడిచి చూపించి, అక్కడ పాతించాడు.